కొనే అడ్వెంచర్, రాసుకునే అడ్వెంచర్: గోదావరి లంకల మీద ఒక లెక్క

బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో కాస్త కుదురుకున్న ఏ గుంపుకైనా ఒక ప్రశ్న ఎదురవుతుంది. తర్వాత ఆడబోయే అడ్వెంచర్ కొనాలా, సొంతంగా రాసుకోవాలా? మామూలుగా వినిపించే జవాబు ఒకటుంది: డబ్బుంటే కొను, టైముంటే రాసుకో. భీమవరం హాస్టల్ గదిలోనైనా, సంక్రాంతికి అమలాపురం చేరిన హైదరాబాద్ ఉద్యోగుల మధ్యనైనా ఈ మాట సబబుగానే తోస్తుంది. లెక్కలోకి దిగితే మాత్రం నిలవదు. కొన్న పుస్తకం తినే టైము తక్కువేమీ కాదు, రాసుకున్నది అనుకున్నంత చవకా కాదు. అసలు తేడా ఆటలో ఏ ప్రశ్నకు జవాబు ఎప్పటికి సిద్ధంగా ఉండాలి అన్న దగ్గర ఉంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు గేమ్ మాస్టర్, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. తాళం పగలగొడతాననో, మునసబుగారితో మాట్లాడి చూస్తాననో ఆటగాళ్లు చెబుతారు. అవుతుందో లేదో తెలియనిచోట పాచిక వేస్తారు. ఆపైన ఏం జరిగిందో గేమ్ మాస్టర్ చెప్పాలి. ఆ గేమ్ మాస్టర్ చేతిలో ముందుగా ఉండే సరుకే అడ్వెంచర్: ఒక చోటు, అక్కడి మనుషులు, వాళ్ల మధ్య ఒక చిక్కు, ఒక మ్యాపు, ఎదురుపడేవాళ్ల బలాబలాల అంకెలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వచ్చినప్పుడు పెట్టెలో ఉన్నవి ప్రధానంగా నియమాలే. అడ్వెంచర్ ఎవరికి వారు తయారుచేసుకునేదే. కొనుక్కునే అలవాటు ఆ తర్వాత వచ్చింది.

ముందు టైము సంగతి తేల్చేద్దాం. ఆ ఆట ఐదో ఎడిషన్‌లో వచ్చిన పెద్ద కాంపెయిన్ పుస్తకం, అంటే నెలల తరబడి సాగే ఒకే కథ పుస్తకం, ఏదైనా 250 పేజీల చుట్టుపక్కల ఉంటుంది. 2016 నాటి 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్' మీద అచ్చువేసిన ధర 49.95 డాలర్లు. ధర ఒకసారి కట్టేస్తే వదిలిపోతుంది. చదవడం అలా వదలదు. ముందు అధ్యాయంలో పలకరించిన పూజారి దగ్గర చివరి అధ్యాయానికి కావలసిన రహస్యం ఉంటుంది. అది గుర్తులేక ఆటగాళ్లకు ఏదో ఒకటి చెప్పేస్తే తర్వాత కథ ముడి పడదు. కాబట్టి గేమ్ మాస్టర్ మొత్తం చదవాలి, గీతలు గీసుకోవాలి, ప్రతి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పి చూసుకోవాలి. పైగా ఈ పుస్తకాల్లో గడులు కట్టి 'ఇది పైకి చదవండి' అని ఇచ్చే వర్ణనలన్నీ ఇంగ్లిషువి. 'ఆయ్, ఇంతకీ ఆ తలుపు తీసుందాండీ?' అని సాగుతున్న మాటల మధ్య గేమ్ మాస్టర్ గొంతు సవరించుకుని ఒక ఇంగ్లిషు పేరా చదివితే బల్ల చుట్టూ ఊపంతా దిగిపోతుంది. ఆ పేరాలన్నీ ముందే తన మాటల్లోకి తెచ్చుకోవాల్సిందే. అదీ పనే, కాకపోతే ధర మీద రాసి ఉండదు.

పదహారు, ముప్ఫై రెండు పేజీల చిన్న అడ్వెంచర్ల సంగతి వేరు. ఒక పూటలో చదివి రెండు మూడు కూర్చోవడాల్లో ఆడేయొచ్చు. టైము మిగిలేది నిజంగా వీటితోనే. కొత్తగా మొదలుపెట్టిన గుంపు అట్టహాసంగా పెద్ద పుస్తకం కొని నాలుగో వారానికి అటకెక్కించడం చాలాచోట్ల జరిగేదే.

సొంతంగా రాసుకునేవాళ్లు పోగొట్టుకునే టైము ఇంకో రకం. రాజవంశానికి ఏడు తరాల చరిత్ర, ఎవరూ అడగని దేవుళ్ల పేర్లు, ఎవరూ వెళ్లని రేవు పట్నాలు. ఇవి రాస్తుంటే హాయిగా ఉంటుంది, కాదనలేం. కానీ ఆటగాళ్లు చూసేది వాళ్లు తలుపు తీసిన గదినే. ఆదివారం సాయంత్రం పనికొచ్చేది ఒక పేజీ అయితే పెట్టెలో పడుండేది నలభై పేజీలు. దీనికి మందు ఒకటే: కథ రాయడం మానేసి పరిస్థితి రాయడం. ఎవరికి ఏం కావాలి, ఎవరి దగ్గర ఏముంది, ఎవరూ అడ్డుపడకపోతే ఎల్లుండికి ఏమవుతుంది. ఈ మూడూ ఉంటే చాలు, మిగతాది ఆటగాళ్లు నడిపిస్తారు.

ఇక అసలు లెక్క. ఒక అడ్వెంచర్‌లో ఐదు మలుపులున్నాయి, ప్రతి మలుపులో రెండేసి దారులున్నాయి అనుకుందాం. దారులు మళ్లీ కలవకపోతే రాయాల్సిన సన్నివేశాలు మొదట ఒకటి, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ఆఖర్న 32 ముగింపులు, వెరసి 63. సన్నివేశానికి రెండు పేజీలు వేసుకున్నా 126 పేజీలు. ఒక గుంపు ఒకసారి ఆడితే అందులో చూసేది ఆరు సన్నివేశాలు, పన్నెండు పేజీలు. మిగతా 114 పేజీల కాగితం, బొమ్మల ఖర్చు, రచయిత కూలీ కొన్నవాడి నెత్తినే. ఏ ప్రచురణకర్తా ఇలాంటి పుస్తకం వేయడు. అందుకే అచ్చయిన అడ్వెంచర్లలో దారులు విడిపోయినట్టే విడిపోయి నాలుగు పేజీల తర్వాత మళ్లీ ఒకే వంతెన దగ్గర కలుస్తాయి. ఆటగాళ్లు దీన్ని రైలు పట్టాలెక్కించడం అని తిట్టుకుంటారు. తిట్లకు రచయిత గురవుతాడు గానీ తప్పు చాలావరకు పేజీలదే.

సొంతంగా రాసుకునే గేమ్ మాస్టర్‌కు ఈ బెడద లేదు. ఈ ఆదివారం ఆటగాళ్లు ఎడమవైపు వెళ్లారా, వచ్చే ఆదివారానికి ఎడమవైపే రాస్తాడు. కుడివైపు ఏముందో అతనికీ తెలియనక్కర్లేదు. ఐదు మలుపుల ఆటకు అతను రాసేది ఆరు సన్నివేశాలే. పుస్తకం ప్రశ్న పుట్టకముందే జవాబు రాయాలి. ఇంట్లో రాసుకునేవాడు ప్రశ్న పుట్టాక రాస్తే చాలు. ఏది కొనాలో, ఏది రాసుకోవాలో ఈ ఒక్క తేడా నుంచే తేల్చుకోవచ్చు.

అచ్చు అడ్వెంచర్‌కు ఆ ఆకారం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది. తొలినాటి ప్రసిద్ధ అడ్వెంచర్లు కొన్ని పోటీల కోసం పుట్టాయి. 'టూంబ్ ఆఫ్ హారర్స్'ను 1975లో అమెరికాలో జరిగిన ఆరిజిన్స్ అనే ఆటల సభలో పోటీగా ఆడించి 1978లో అచ్చువేశారు. రాక్షసుల కోటల మీద గైగాక్స్ రాసిన మూడు అడ్వెంచర్ల వరసను 1978 ఆరిజిన్స్‌లో ఆడించారు. పోటీ అన్నాక ముక్కూమొహం తెలియని గుంపులన్నిటికీ ఒకే గదులు, ఒకే ఉచ్చులు, ఒకే అంకెలు ఉండాలి. లేకపోతే ఎవరు గెలిచారో తేల్చలేరు. గదికో నంబరు, నంబరుకో పేరా అన్న పద్ధతి ఆ అవసరానికి అతికినట్టు సరిపోయింది. పోటీలు పోయాయి, పద్ధతి మిగిలింది. పాలకొల్లులో మేడ మీద ఆడుకునే నలుగురికి ఎవరితోనూ పోటీ లేదు. అయినా వాళ్లు కొనే పుస్తకం ఇప్పటికీ ఆ పోటీ కాగితం వాలకంలోనే ఉంటుంది.

ఆ రోజుల్లోనే దీనికి విరుగుడూ అచ్చయింది. 1970ల చివర్లో కొత్తవాళ్ల పెట్టెతోపాటు ఇచ్చిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ ది అన్‌నోన్'లో మైక్ కార్ గదులన్నీ వర్ణించి, వాటిలో ఏ జంతువు ఉందో, ఏ సొమ్ము ఉందో రాయాల్సిన చోట ఖాళీ వదిలాడు. విడిగా జాబితాలిచ్చి, ఏది ఎక్కడ పెట్టాలో గేమ్ మాస్టర్‌నే నింపుకోమన్నాడు. తర్వాత దాని స్థానంలో వచ్చిన గైగాక్స్ 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌లాండ్స్' ఇంకో రకంగా ఖాళీలు పెట్టింది. అందులో కోటలోని మనుషులకు హోదాలే గానీ పేర్లుండవు. కోటకు అధికారి ఉన్నాడు, పూజారి ఉన్నాడు, కమ్మరి ఉన్నాడు. ఎవరి పేరేమిటో, ఎవరికెవరంటే పడదో గేమ్ మాస్టర్ పెట్టుకోవాలి. ఒక గుహనైతే పూర్తిగా అతనికే వదిలేశారు. ఈ రెండూ అమ్మిన అడ్వెంచర్లే, రాయడం నేర్పిన బడులు కూడా. ఇప్పటి మెరుగు కాగితం పుస్తకాల్లో ఇంత ఖాళీ కనబడదు. ఈ వ్యాసం దృష్టిలో అది నష్టమే.

ఈ 'కీప్ ఆన్ ది బోర్డర్‌లాండ్స్', అంటే సరిహద్దు కోట అడ్వెంచర్‌ను యథాతథంగా గోదావరి డెల్టాలోకి దింపితే ఏమవుతుంది? మొదటి పేజీలోనే ఇరుక్కుంటుంది. ఆ కథ ఒక నమ్మకం మీద నడుస్తుంది: గోడకు ఇవతల చట్టం, అవతల అడవి, ఎవరో తెలియని కొత్తవాళ్లు గుర్రాల మీద వచ్చి సత్రంలో దిగుతారు. కోనసీమలో అవతల అనే చోటే లేదు. ఊరు దాటితే కొబ్బరితోట, తోట దాటితే ఇంకో ఊరు. తెలియని మనిషిగా దిగడం కూడా కుదరదు. రేవు దాటి గట్టెక్కగానే 'ఎవరి తాలూకండీ?' అని అడుగుతారు. రెండు ప్రశ్నల్లో ఏదో ఒక మేనత్త దగ్గరికి చుట్టరికం తేలుతుంది. సత్రంలో మూలన కూర్చున్న ముసుగు మనిషి అనే పాత్ర ఇక్కడ పది నిమిషాలు బతకదు.

అయినా ఆ పుస్తకం పనికిరాకుండా పోదు. చట్టం మారే గీత ఎక్కడుందో వెతికితే అడవి దగ్గర కాకపోయినా గౌతమి ఒడ్డున దొరుకుతుంది. 1954 దాకా యానాం ఫ్రెంచివాళ్ల ఏలుబడి. 1947 దాకా చుట్టూ బ్రిటిష్ గోదావరి జిల్లా, మధ్యలో ఇంకో దేశపు చట్టం. బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చాక, చుట్టుపక్కల జిల్లాలవాళ్లు యానాం వెళ్లి పిల్లల పెళ్లిళ్లు చేసుకొచ్చారన్నది చరిత్రలో ఉన్న సంగతే. ఇప్పుడు సరిహద్దు కోటను తీసి యానాం పెట్టండి. కోట అధికారి స్థానంలో ఫ్రెంచి దొర, పూజారి స్థానంలో రెండు వైపులా శిష్యులున్న పురోహితుడు, కోట దగ్గరి గుహల్లో కాపురమున్న తెగల స్థానంలో సుంకం ఎగ్గొట్టి సరుకు దాటించే ముఠాలు. రాత్రికి రాత్రి పడవలో దాటబోయే పెళ్లిబృందాన్ని ఆపాలని ఒక పాత్రకు, ఆ పెళ్లి జరగకపోతే అప్పు తీరదని ఇంకో పాత్రకు. ఇందులో పుస్తకం నుంచి వచ్చింది అస్థిపంజరం: ఒక భద్రమైన చోటు, దగ్గర్లో ఒకదానికొకటి పడని అరడజను గుంపులు, వాటి మధ్య ఎవరితో ఎవరిని కొట్టించాలన్న ఎత్తులు. ఆ కూర్పు గైగాక్స్ చేసినంత పకడ్బందీగా సొంతంగా చేయడం కష్టం. పేర్లు, పగలు, పెళ్లిళ్లు మాత్రం ఏ పుస్తకమూ ఇవ్వదు.

తోలుబొమ్మలాట తెలిసినవాళ్లకు ఈ ఏర్పాటు వింతగా ఉండదు. కాకినాడ పక్కన మాధవపట్నం బొమ్మలాటవాళ్లదైనా, ఇంకే జట్టుదైనా, రామాయణ ఘట్టానికి పాడే పద్యం రంగనాథ రామాయణం నుంచి తరతరాలుగా వస్తున్నదే.  మధ్యలో తెర మీదికి కేతిగాడు, బంగారక్క వచ్చారంటే ఆ రాత్రి ఆ ఊళ్లో ఎవరిమీద ఏ హాస్యం పేలుతుందో దాన్నిబట్టే మాట. పద్యం ఆడించేవాళ్లు కట్టింది కాదు. హాస్యం ఏ గ్రంథం నుంచీ తెచ్చింది కాదు. ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవ్వాలో వాళ్లకు స్పష్టంగా తెలుసు. గేమ్ మాస్టర్ పట్టుకోవాల్సింది ఆ గీత ఎక్కడుందనే.

ఆ గీతకు ఒకవైపు కచ్చితంగా ఉండాల్సినది అపరాధ పరిశోధన. హత్య ఎవరు చేశారన్నది ఆట మొదలవకముందే ఖాయమై ఉండాలి. ఆటగాళ్లు వేసిన ఊహ బాగుందని మధ్యలో హంతకుణ్ణి మార్చేసే గేమ్ మాస్టర్లు లేకపోలేదు. ఒకసారి ఆ సంగతి బయటపడితే ఆ తర్వాత ఏ ఆధారానికీ విలువ ఉండదు. అచ్చు పుస్తకం ఇక్కడ సాక్షిలా నిలబడుతుంది: ఉచ్చు తలుపు తీయకముందే ఉంది, కత్తి పెట్టెలో ముందునుంచే ఉంది, గేమ్ మాస్టర్ ఎవరిమీదో కోపంతో అప్పటికప్పుడు పెట్టలేదు. అన్నదమ్ములు, బావామరుదులు కలిసి ఆడే బల్ల దగ్గర ఈ నిష్పక్షపాతం చిన్న విషయం కాదు. 1981 నుంచి వస్తున్న 'కాల్ ఆఫ్ కథుల్హు' ఆటకు కొన్న అడ్వెంచర్ల మీద అంత మోజు ఉండడానికి కారణాల్లో ఇదొకటి. ఆ ఆటంతా ఆధారాల మీదే నడుస్తుంది.

ఆధారాల కూర్పులో అంకెలు ఎంత మోసం చేస్తాయో చూడండి. ఒక ఆధారం దొరికే అవకాశం సగం అనుకుందాం. హంతకుడి దాకా ఐదు మెట్లున్నాయి, మెట్టుకొక్క ఆధారమే ఉంది. ఐదూ దొరికే అవకాశం 32లో 1, అంటే 3 శాతం. జస్టిన్ అలెగ్జాండర్ అనే రచయిత సూచించిన నియమం ఒకటి ఈ ఆటల్లో బాగా ప్రచారంలో ఉంది: ఆటగాళ్లు చేరాల్సిన ప్రతి నిర్ధారణకూ కనీసం మూడు ఆధారాలు పెట్టు. మూడింటిలో ఒకటైనా దొరికే అవకాశం 8లో 7. బాగానే ఉంది, కానీ ఐదు మెట్లకూ కలిపి లెక్కేస్తే వచ్చేది 51 శాతమే. మూడేసి పెట్టినా పాచిక మీదే వదిలేస్తే రెండు ఆటల్లో ఒకటి దారితప్పుతుంది. కాబట్టి ముఖ్యమైన ఆధారాన్ని పాచిక వెనక దాచకూడదు. వెతికినవాడికి దొరకాలి, దాన్నేం చేసుకున్నాడన్నదే ఆట. మంచి ప్రచురిత అడ్వెంచర్లలో ఈ లెక్కంతా ఎవరో ముందే చేసి, రకరకాల గుంపులతో ఆడించి సరిచూసి ఉంటారు. కొన్న డబ్బుకు అందే అసలు సరుకు ఇదే.

ఇలాంటి అడ్వెంచర్‌ను డెల్టాకు తెచ్చేటప్పుడు ఆధారాలు అలాగే ఉంచి అవి ప్రయాణించే దారి మార్చాలి. విదేశీ పట్నంలో సమాచారం దాగి ఉంటుంది, తవ్వి తీయాలి. లంక ఊళ్లో అది పొంగి పొర్లుతుంది. పొద్దున రేవులో అన్నమాట మధ్యాహ్నానికి టీ కొట్లో ఉంటుంది, సాయంత్రానికి రామకోవెల అరుగు మీద మూడు రూపాల్లో ఉంటుంది. ఇక్కడ ఆటగాళ్ల కష్టం సమాచారం సంపాదించడం కాదు, ఏ రూపం నిజమో తేల్చడం. ఇంకో చిక్కు: ఆటగాళ్లు అడిగిన ప్రశ్న కూడా అంతే వేగంగా హంతకుడికి చేరుతుంది. దీనికి గేమ్ మాస్టర్ ఒక చిన్న ఏర్పాటు చేసుకుంటే సరిపోతుంది. ఆటగాళ్లు ఊళ్లో ఎవరినైనా ప్రశ్నించినప్పుడల్లా ఒక గీత గీయాలి, ఐదు గీతలకు హంతకుడు ఒక ఎత్తు వేస్తాడు. సెల్‌ఫోన్లు వద్దనుకుంటే కథను 1986 ఆగస్టు వరదల్లోకి జరపొచ్చు.

వరద మాట వచ్చింది కాబట్టి, రాసుకునేవాళ్లకు ఈ నేల ఉచితంగా ఇచ్చే దాని గురించి కాస్త నిలిచి చెప్పాలి. అడ్వెంచర్ రాసేవాళ్లకు కష్టమైనవి మూడు: విడివిడి చోట్లు, వాటి మధ్య పరిమితమైన దారులు, ముంచుకొచ్చే గడువు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. మధ్యలో లంకలు. చోట్లు సిద్ధం. దాటడానికి రేవులు, బళ్లను కూడా దాటించే పంట్లు, కాజ్‌వేలు. దారులు సిద్ధం. రెండు ఊళ్ల మధ్య ఏటిగట్టు ఒక దారి, కాలువ ఒక దారి, తోటల్లో పుంత ఒక దారి. మూడింటి మీదా ఎదురయ్యే మనుషులు వేరు. మ్యాపు ఒకే వరస గదులుగా కాకుండా చుట్టూ తిరిగి కలిసే దారులతో ఉండాలని 1979 నాటి 'కావెర్న్స్ ఆఫ్ థ్రేసియా'తో చూపించిన జెన్నెల్ జాక్వేస్ పేరు ఈ రంగంలో ఇప్పటికీ చెబుతారు. పి. గన్నవరంలో నది మీదుగా కాలువ దాటే అక్విడక్టు ఉంది. కింద ఒక నీరు, పైన ఒక నీరు, మధ్యలో కమానులు. ఇలాంటి చోటు కల్పించాలంటే మ్యాపు గీసేవాళ్లు చాలా తంటాలు పడాలి.

గడువు కూడా సిద్ధమే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ప్రవాహంలో చెబితే 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. కొన్ని ఆటల పుస్తకాల్లో ముప్పు ఎంత దగ్గరపడిందో చూపడానికి గడియారం అనే పేరుతో నాలుగు గడులు గీసి నింపుకోమంటారు. ఇక్కడ ఆ గడులకు అధికారిక అంకెలే ఉన్నాయి. మొదటి హెచ్చరికకు కాజ్‌వే మునిగిందనుకోండి, ఆటగాళ్లకు ఒక దారి పోయింది, లంక ఇక పడవకే. రెండోదానికి పొలాలు, పశువుల పాకలు; ఇప్పుడు ఊరివాళ్ల సాయం దొరకదు, ఎవరి గొడవ వాళ్లది. మూడోదానికి లంక ఖాళీ చేయాలి, హంతకుడూ సాక్షీ ఒకే పడవ ఎక్కుతారు. పైన భద్రాచలంలో ఎంత ఉందో అన్న కబురు ముందే అందుతుంది కాబట్టి ముప్పు చెప్పకుండా మీద పడదు. ఎంత మిగిలుందో ఆటగాళ్లకు తెలుస్తూనే ఉంటుంది, బిగువు అక్కడ పుడుతుంది. ఇది రాయడానికి ఏ కల్పనాశక్తీ అక్కర్లేదు. చిన్నప్పటినుంచీ ఎర్రనీరు చూసినవాడికి అర పేజీ పని.

సముద్రం వైపు వెళితే కోరంగి మడ అడవుల్లో పోటూ పాటూ రోజుకు రెండేసి సార్లు. ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. పోటుకు పడవ వెళ్లే పాయ పాటుకు మోకాలి లోతు బురద. పొద్దున తొమ్మిదికి పోటు మీద తప్పించుకున్నవాడు వారం తర్వాత అదే వేళకు అదే దారిన తప్పించుకోలేడు. ఈ ఒక్క నియమంతో మంచి చిక్కుముడి అల్లొచ్చు. 1839 తుపానులో దెబ్బతిన్న కోరంగి రేవు, అక్కణ్ణుంచి రంగూన్ వైపు సాగిన ఓడల చరిత్ర కలుపుకుంటే పాత గిడ్డంగుల కింద ఏముందో ఎవరి ఊహ వారిది.

అచ్చు ప్రపంచం ఈ తరహా నేలను పూర్తిగా మరిచిందనడం మాత్రం సరికాదు. 2022లో వచ్చిన 'జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్' సంకలనంలో మిమీ మండల్ రాసిన అడ్వెంచర్ బెంగాల్ ఛాయల్లో సాగుతుంది. గోదావరి గుంపుకు అల్మారాలో దొరికే దగ్గరి చుట్టం ఇలాంటిదే. కోటలు, డ్రాగన్ల పుస్తకం కంటే దీన్ని మార్చుకోవడం తేలిక. అయినా అది బెంగాల్ నీరు. దాన్ని గోదావరి అనుకుని చదివితే ఇద్దరికీ అన్యాయం.

సొంత నేల మీద రాసుకోవడంలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాటేసి వెళ్లకూడదు. కథలో ఇసుక దొంగిలించే పెద్దమనిషిని పెడితే, బల్ల దగ్గర కూర్చున్న నలుగురిలో ఇద్దరికి అతనెవరో వెంటనే తెలిసిపోతుంది. గేమ్ మాస్టర్ మనసులో ఎవరూ లేకపోయినా సరే. కులం, గుడి, పొలం గట్టు తగాదా, ఇవన్నీ ఈ నేల కథల్లో రాకుండా ఉండవు. వస్తే ఎవరికో తగులుతాయి. ఊహాలోకపు పుస్తకంలో గాబ్లిన్ అనే బుల్లి రాక్షసుణ్ణి చంపితే ఎవరి మేనమామకూ కోపం రాదు. అందుకని అసలు ఊరిపేర్లు వదిలి ఒక లంకను కల్పించుకోవడం మేలు. ముమ్మిడివరానికి దిగువన మ్యాపులో లేని ఒక లంక, నలభై గడప, ఒక రేవు, ఒక పాడుబడిన లాకుల బంగళా. చుట్టూ ఉన్నవి నిజమే కాబట్టి నమ్మకం చెడదు, లోపలివి కల్పన కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. ఆట మొదలవకముందే ఏవి ముట్టుకోకూడదో అందరూ అనుకోవడం కూడా ఇప్పుడు చాలా గుంపుల్లో రివాజు. చుట్టాలతో ఆడేచోట దాని అవసరం ఇంకాస్త ఎక్కువే.

పోరాటాల అంకెల గురించి ఒక్క మాట. ఎంత బలమున్న శత్రువును ఎంతమంది మీదికి వదలాలన్న లెక్క కొత్త గేమ్ మాస్టర్లు తరచూ తప్పుతారు. ఇక్కడ సొంత తెలివి చూపించడం కంటే కొన్న పుస్తకం అంకెలు తీసుకుని పేరు మార్చడం సుఖం. గుహలో ఎలుగుబంటి అంకెలను మడ అడవిలో మొసలికి పెడితే ఆటగాళ్లలో ఎవరూ పసిగట్టరు.

రాసుకున్నది అమ్ముకోవాలనుకునేవాళ్లకు దారి ఇప్పుడు మునుపటికంటే సులువు. ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం ఎవరిదో పేర్కొంటే చాలు, దాని మీద ఏ భాషలోనైనా అడ్వెంచర్ రాసి అమ్ముకోవచ్చు, తెలుగులో కూడా.

చేతిలో ఉన్న అర పేజీ అప్పుడు సరిపోదు. అనంతపురంలో కొన్నవాడికి పంటు అంటే ఏమిటో, ఎన్ని బళ్లు ఎక్కుతాయో చెప్పాలి. పాటుకు పాయ ఎందుకు ఎండుతుందో, మొదటి హెచ్చరికకు ఏ దారి పోతుందో, గట్టు మీద నిలబడితే ఏం కనిపిస్తుందో చెప్పాలి. ఆటగాళ్లు పెళ్లిపడవను ఆపకపోతే ఏమవుతుందో, ఆపితే ఏమవుతుందో, రెండూ మానేసి ఫ్రెంచి దొర దగ్గరికి పోతే ఏమవుతుందో కూడా రాయాలి. వాళ్లు నాలుగో పని చేస్తే ఏమిటన్న ప్రశ్న వచ్చేసరికి పేజీలు ముప్ఫై దాటతాయి. రాసేవాడు ఏ దారులను ఎక్కడ కలపాలా అని వంతెన కోసం వెతకడం మొదలుపెడతాడు.